పన్నెండో పలక

“కాగితం మీద పన్నెండంగుళాలని రాసి ఉందండీ. నేనేమన్నా సొంతంగా వేశానా?”

“రాసి ఉంటే సరిపోయిందా అప్పారావుగారూ? పోత పోయించే ముందు టేపు పెట్టి చూసుకోవద్దా?”

“ట్రేసింగ్‌కి టేపెందుకండీ? గీత మీద గీత గీశాను, అంతే.”

“గోడ పన్నెండడుగులు. పలకలు పన్నెండు. ఎలిమెంటరీ స్కూలు లెక్క. పదకొండుకే గోడ అయిపోతే పన్నెండోదాన్ని నా నెత్తిన పెట్టుకోనా?”

“ఒకటి తీసేస్తే పోలా? ఆ పడవది తీసేయండి. అందులో దేవుడూ లేడు, దేవతా లేదు. టోపీలవాళ్ళు, తెడ్లవాళ్ళు. ప్రతిష్ఠ నాడు ఎవరైనా ఇదేంటని అడిగితే మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

జగన్మోహన్ రెండు చేతుల్లో నాలుగు మడత కుర్చీలు పట్టుకుని తలుపు ఇవతలే నిలబడిపోయాడు. లోపల అరుచుకుంటున్నది అప్పారావూ, తన అన్న రామమోహనూ. ఎడిసన్ దగ్గర మూతపడిన బౌలింగ్ హాలొకటి కొని తెలుగువాళ్ళు గుడి చేస్తున్నారు. నేల మీద బంతులు దొర్లించిన లేన్ల గీతలు ఇంకా పోలేదు. రామమోహన్ కమిటీకి సెక్రటరీ. అప్పారావు న్యూయార్క్‌లో ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాఫ్టింగ్ చేస్తాడు. గర్భగుడి ముందు గోడకి పలకలు పోయించే పని ఆయన నెత్తికెత్తుకున్నాడు. ప్రతిష్ఠ ఇంకా మూడు వారాలుంది. 1985 అక్టోబరు, శనివారం మధ్యాహ్నం.

జగన్ కుర్చీలు కింద పెట్టి లోపలికి తొంగిచూశాడు. పదకొండు పలకలు గోడ మీద బిగుసుకుని కూర్చున్నాయి. పన్నెండోది కింద, కాళ్ళదగ్గర, గోడకి జారబడి ఉంది. పొడుగాటి పడవ. పైన తుపాకులు పట్టుకున్న టోపీలవాళ్ళు, కింద నడుములు వంచి తెడ్లేస్తున్నవాళ్ళు. సిమెంటుకి ఎర్ర రంగు వేశారు.

“నువ్విక్కడున్నావా?” అన్నాడు రామమోహన్ తమ్ముణ్ణి చూసి. గొంతు తగ్గించాడు. “ఒక పని చెయ్యి జగనూ. ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళి, ఎక్కడ తేడా వచ్చిందో అడిగి రా.”

“ఏ పెద్దాయన? బొమ్మలు అప్పారావుగారివి కదా. ఇన్విటేషన్‌లో అలాగే వేశారు.”

అప్పారావు కిటికీలోంచి పార్కింగ్ లాటు చూడ్డం మొదలుపెట్టాడు. రామమోహన్ బీరువా తీసి, దిండుగలీబులో చుట్టి ఉన్న పెద్ద బొమ్మల పుస్తకం తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. ఏడు నెలలుగా జగన్ అడుగుతున్న పుస్తకం అది. ఇవాళ అడక్కుండానే ఇచ్చాడు.

*

ఆ పుస్తకం సత్యానందానిది.

సత్యానందం ధవళేశ్వరంలో పుట్టాడు. తండ్రి పెంకుల ఫ్యాక్టరీలో మట్టి తొక్కేవాడు. తను పద్నాలుగో ఏట అదే ఫ్యాక్టరీలో అచ్చుల దగ్గర చేరి ముప్పైయేళ్ళు పెంకులు తీశాడు. కూతురు కృపావరం నర్సు. ముందు ఆమె వచ్చి జెర్సీ సిటీలో స్థిరపడింది. 1977లో తల్లినీ తండ్రినీ రప్పించింది. తల్లి దేవకుమారి రెండో చలికాలం దాటలేదు. భార్య పోయాక సత్యానందానికి అపార్ట్‌మెంట్‌లో ఊపిరాడలేదు. ఎటు పోతుందో తెలియని బస్సెక్కి, చివరిదాకా వెళ్ళి, అదే బస్సులో తిరిగొచ్చేవాడు. ఒకరోజు కిటికీలోంచి ఒక షెడ్డు ముందు మట్టికుప్ప కనబడింది. గంట లాగి దిగిపోయాడు.

అక్కడ యజమాని టోనీ అనే ముసలాయన. సత్యానందానికి ఇంగ్లీషు అంతంతమాత్రం. కుప్పలోంచి గుప్పెడు మట్టి తీసి, నలిపి, వాసన చూసి, టోనీ మొహంలోకి చూస్తూ తల అడ్డంగా ఊపాడు. ఇసక ఎక్కువైందని. టోనీ కాసేపు గుర్రుగా చూసి, రేపొద్దున రమ్మన్నాడు.

మన్‌హాటన్‌లో పాత మేడల పైఅంచులన్నీ రాతి చెక్కడాల్లా ఉంటాయి గాని చాలామటుకు అవి రాయి కాదు, కాల్చిన మట్టి. సింహం మొహాలు, పళ్ళ గుత్తులు, ఆకుల తోరణాలు. ఒకసారి అలాంటి ముక్కొకటి ఊడిపడి కింద నడిచిపోతున్న ఒక కాలేజీ పిల్ల ప్రాణం పోయింది. ఆ తర్వాత మేడల ముఖాలు పరీక్ష చేయించాలని సిటీ చట్టం తెచ్చింది. ఓనర్లలో ఎక్కువమంది ఆ చెక్కడాలు పీకించి పారేశారు. నూటికొకడు మాత్రం కొత్తవి చేయించి పెట్టించాడు. ఆ నూటికొకడి మీద బతికేది టోనీ షాపు.

జగన్ ఆ షాపుకి వ్యాన్ తోలాడు, పది నెలలు. మెకానికల్ ఇంజనీరింగ్ రెండో ఏడు మధ్యలో వదిలేశాక అది అతనికి మూడో ఉద్యోగం. ఏ పనిలోనూ కుదురుగా ఉండే రకం కాదు. క్లాసులో ప్రొఫెసర్ని ‘ఇది పుస్తకంలోనే ఉంది, మీరెందుకు చదివి వినిపిస్తున్నారు’ అని అడిగినవాడు. అలాంటివాడు ఆ షాపులో పది నెలలున్నాడంటే సత్యానందం పక్కసీట్లో కూర్చునేవాడు కాబట్టే. ముక్కలు పగలకుండా దింపించడానికి ఆయన కూడా వచ్చేవాడు. మన్‌హాటన్‌కి నది కిందుగా వెళ్ళే టన్నెల్‌లో వ్యాన్ గంటలకొద్దీ ఆగిపోయేది. ఆయన టిఫిన్ డబ్బా విప్పి అన్నం, కోడిగుడ్డు వేపుడు సగం జగన్‌కి పెట్టి కబుర్లు చెప్పేవాడు. జగన్ ఆయన్ని బాబాయ్ అనేవాడు. విష్ణుపురం కథ అతను విన్నది ఆ టన్నెల్లోనే, ముక్కలు ముక్కలుగా.

టోనీ బల్ల పైన గోడకి ఏదో మ్యాగజైన్‌లోంచి చింపిన కాగితం అంటించి ఉండేది. ఎర్రటి గుడి, బెంగాల్లో బిష్ణుపూర్ అనే ఊళ్ళోది. సత్యానందం నోట అది ఎప్పుడూ విష్ణుపురమే. చేరిన వారంలోనే టోనీ దాన్ని చూపించి, “మీ ఊరేనా?” అని అడిగాడు. సత్యానందానికి అలాంటి ఊరుందనే తెలీదు. అయినా తల ఊపేశాడు.

“మూడేళ్ళు మోశానురా ఆ అబద్ధం,” అనేవాడు. “టోనీ ఎప్పుడు దానికేసి చూసినా నాకు భయమే. గోపురం ఎత్తెంతని అడుగుతాడేమో, మట్టిలో ఏం కలుపుతారని అడుగుతాడేమో అని. ఇలాక్కాదని బయల్దేరాను.”

1982 జనవరిలో మేనల్లుడి పెళ్ళికని ఇండియా వెళ్ళి, పెళ్ళి భోజనం అవగానే రాజమండ్రిలో రైలెక్కాడు. హౌరాలో దిగి ఇంకో రైలు. బిష్ణుపూర్ స్టేషన్లో దిగి రిక్షావాడికి జేబులోంచి ఆ మ్యాగజైన్ బొమ్మ ఫోటోకాపీ తీసి చూపించాడు. రిక్షావాడు నవ్వి ఐదు వేళ్ళూ చూపించి, మళ్ళీ ఐదు చూపించాడు. అలాంటివి ఇక్కడ చాలా ఉన్నాయి, నీకేది కావాలని.

“రాజులు గుళ్ళు కట్టాలనుకున్నారు. చెక్కడానికి మంచి రాయి దొరకదు. ఉన్నది మట్టి. సరే, మట్టే అనుకున్నారు. ఇటుకా దాంతోనే, దేవుడూ దాంతోనే. పైకప్పు చూడాలి నువ్వు. పూరింటి కప్పులా వంపు తిరిగి ఉంటుంది, తాటాకుకి బదులు ఇటుక. రెండు పూరిళ్ళని పక్కపక్కన అతికినట్టుంటుంది ఒక గుడి. గోడల మీద జానెడు మేర వదల్లేదు. యుద్ధాలు, వేటలు, కృష్ణుడు, గోపికలు, పెళ్ళి పల్లకీలు. నేను మొదటిరోజు ఏమీ గీయలేదు. తిరిగాను, అంతే.”

కాపలావాడు పేరడిగాడట. సత్యానంద అనగానే చేతులు జోడించి, స్వామీజీ ఏ ఆశ్రమం అన్నాడట. “ధవళేశ్వరం చర్చి ఆశ్రమం అందామనుకున్నాను. బెంగాలీ రాక ఊరుకున్నాను. ఆ తొమ్మిది రోజులూ నాకు స్టూలేసి కూర్చోబెట్టాడు పాపం.”

తొమ్మిది రోజులు. పొద్దున్నే మరమరాల పొట్లం కొనుక్కుని వెళ్ళడం, ఎండ గోడ మీంచి దిగేదాకా గీయడం. ఆయన్ని పిచ్చెక్కించింది బొమ్మల అందం కాదు. పెద్ద బొమ్మల్ని పచ్చిమీద ఉండగానే ముక్కలుగా కోసి, విడివిడిగా కాల్చి, గోడమీద తిరిగి కలిపారు. మట్టి ఆరితే తగ్గుతుంది, కాలితే ఇంకా తగ్గుతుంది. అన్ని ముక్కలూ ఒకే లెక్కన తగ్గితేనే గుర్రం తల గుర్రం మెడకి అతుకుతుంది. “గోరు పెట్టి చూశాను జగనూ, అతుకుల్లో దూరలేదు. ముప్పైయేళ్ళు పెంకులు తీసినవాణ్ణి. నాకు చేతకాదు ఆ పని.”

అన్నిట్లోకీ ఆయనకి నచ్చింది పడవ. గోదావరి ఒడ్డున పెరిగినవాడు. “పైన తుపాకులవాళ్ళ మొహాలు ఎలా పడితే అలా చేశాడు. కింద తెడ్లేసేవాళ్ళ నడుములు మాత్రం చూడు. ఆ వంపు, పడవ తోసినవాడికే తెలుస్తుంది. చేసినవాడు ఒడ్డున కూర్చుని చూసిన మనిషి కాదు.”

తిరిగొచ్చిన రోజు టోనీకి నిజం చెప్పేశాడు. అప్పుడు మా ఊరు కాదు, ఇప్పుడు అవును అని. ఆ చలికాలమంతా ఆదివారం చర్చి అయ్యాక వంటింటి బల్ల మీద కూర్చుని, రాసుకొచ్చిన కొలతల్ని బట్టి ప్రతి పలకనీ పెద్ద కాగితాల మీద గీశాడు. నలభై కాగితాలు. కృపావరం హాస్పిటల్ నుంచి మందపాటి అట్టలు తెచ్చి కుట్టింది. తెలుగు చర్చిలో ఒకరిద్దరు, “సత్యానందంగారు గుళ్ళ చుట్టూ తిరుగుతున్నారేంటి?” అని నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ పుస్తకాన్ని దిండుగలీబులో చుట్టి మంచం కింద పెట్టుకున్నాడు.

*

కమిటీకి గోడ సమస్య వచ్చింది మొన్న మార్చిలో. ఇండియా నుంచి రాయి తెప్పించే తాహతు లేదు, ప్లాస్టిక్ బొమ్మలు పెట్టడానికి మనసొప్పలేదు. భోజనాల దగ్గర అన్న అదే పనిగా విసుక్కుంటుంటే జగన్‌కి నోరాగలేదు. మట్టితో కట్టిన ఊరొకటుందని, ఆ ఊరు చూసొచ్చినాయన తనకి తెలుసని అన్నాడు. మర్నాడే వెళ్ళి పుస్తకం అడిగాడు. రెండు రోజులు, చూపించి తెచ్చేస్తాను బాబాయ్ అన్నాడు. సత్యానందం ఒక్కమాట అడక్కుండా గలీబుతో సహా ఇచ్చాడు. వెనకనుంచి కృపావరం, “ఫోటోకాపీ తీయించి ఇస్తే పోతుందిగా నాన్నా,” అంది. “మనవాడే కదమ్మా,” అన్నాడాయన.

రామమోహన్ పుస్తకం చివరిదాకా తిరగేశాడు. తర్వాత మొదటి పేజీకి వచ్చి, పై లైనులో పేరు దగ్గరే ఆగాడు.

“ఈయన చర్చి ఆయన కదూ?”

“అయితే?”

“నాకేం లేదురా. కమిటీలో పదిహేనుమంది. ఒక్కడు ముక్కు విరిచాడంటే మళ్ళీ ఆరునెలలు మీటింగులే. ముందు బొమ్మలు చూడనీ. అప్రూవ్ అయ్యాక పేరు నేనే చెప్తాను, ఇన్విటేషన్‌లో పెద్దక్షరాల్తో వేయిస్తాను. ఈ ఒక్క పేజీ తీసెయ్.”

జగన్ అన్నని నమ్మాడు. షేవింగ్ బ్లేడు తెచ్చి తనే కోశాడు. చదవనుకూడా లేదు. కోసిన కాగితాన్ని ఫోన్ డైరెక్టరీలో దాచాడు. కొత్త డైరెక్టరీ వచ్చిన రోజు వదిన పాతది చెత్తలో పడేసింది.

రెండు రోజులు రెండు నెలలయ్యాయి. పుస్తకం అప్పారావు దగ్గరుంది, ట్రేస్ చేస్తున్నాడు అనేవాడు అన్న. సత్యానందం ఫోన్ చేసినప్పుడల్లా జగన్ రేపు అనేవాడు. తర్వాత్తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. సెప్టెంబరులో ఇన్విటేషన్లు అచ్చయి వచ్చాయి. ‘బిష్ణుపూర్‌ను స్వయంగా సందర్శించి ఈ శిల్పాలను చిత్రించినవారు శ్రీ అప్పారావు’ అని ఉంది. జగన్ కాగితం తీసుకెళ్ళి అన్న ముందు పడేశాడు.

“ఏంటిది?”

“ప్రింటయిపోయిందిరా. ఇప్పుడేం చేస్తాం?”

“మాటిచ్చావు.”

“ఇచ్చాను. కుదర్లేదు. నువ్వు కాలేజీ పూర్తి చేస్తానని నాన్నకి ఇవ్వలేదా?”



*

ఆదివారం మధ్యాహ్నం జగన్ జెర్సీ సిటీ వెళ్ళాడు. కృపావరం తలుపు తీసింది.

“రా. రేపంటే ఇవాళేనన్నమాట,” అని పక్కకి తప్పుకుంది.

సత్యానందం అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నాడు, టై ఇంకా విప్పలేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. బల్ల మీద గుడి ఇన్విటేషన్ ఉంది. కృపావరం హాస్పిటల్లో పనిచేసే డాక్టర్ నళిని ఇచ్చిందట. జగన్ దాన్ని చూసి, చూడనట్టు పుస్తకాన్ని దాని పక్కన పెట్టాడు.

ఆయన గలీబు విప్పాడు. అట్ట తెరిచి, కుట్టు దగ్గర మిగిలిన సన్నటి కాగితం అంచు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపాడు.

“బ్లేడు,” అన్నాడు. “ఎవరు?”

“నేనే బాబాయ్.”

సింకు దగ్గర కృపావరం కుళాయి కట్టేసింది.

“చదివావా, కోసేముందు?”

“లేదు.”

“మూడు లైన్లే. నా పేరొకటి. ఎప్పుడు వెళ్ళానన్నది ఒకటి. మూడోది ఆ రెండిటికంటే ముఖ్యం.” లేచి లోపలికి వెళ్ళి రెండు స్కేళ్ళు తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి మామూలు అడుగు స్కేలు. రెండోది షాపుది, మట్టిమరకలున్న చెక్క బద్ద. దాని మీద కూడా పన్నెండు గీతలే, కానీ మొదటిదానికంటే అంగుళం పొడుగుంది. “దీన్ని బట్టీ స్కేలంటాన్నేను. మట్టి కాలితే అడుగుకి అంగుళం తగ్గుతుంది కదా. అందుకని ముందే పెంచి గీస్తాం. పుస్తకమంతా దీంతో గీసిందే. రాసింది పన్నెండు, గీసింది పదమూడు. అన్నీ బట్టీ స్కేలుతో వేసినవి, మట్టికి తప్ప పనికిరావు అని మొదటి పేజీలో రాశాను.”

జగన్ రెండు స్కేళ్ళకేసీ చూస్తూ ఉండిపోయాడు. గోడ మీద పదకొండు పట్టి, పన్నెండోది ఎందుకు మిగిలిపోయిందో ఇప్పుడర్థమైంది. పేరుందని కోసిన కాగితం మీదే ఆ ముక్కా ఉంది.

“అప్పారావుగారి తప్పు కాదైతే.”

“కొలతల్లో కాదు పాపం. ఆయనకి గీత వచ్చు, మట్టి రాదు.” ఇన్విటేషన్ తీసి కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. “బొమ్మలు ఆయన గీశాడంటే ఊరుకుందును. స్వయంగా సందర్శించి అని ఉంది. ఆ స్టూలు మీద కూర్చుంది కూడా ఆయనేనా?”

“అన్నయ్య పేరు వేయిస్తానన్నాడు బాబాయ్. నన్నూ మోసం చేశాడు.”

“నిన్ను మీ అన్న చేశాడు. నన్ను మీ అన్న చెయ్యలేదు. ఆయన మొహం కూడా నాకు తెలీదు.”

జగన్ తల దించుకున్నాడు. ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి మొహం మీద అడిగేసేవాడు, చెక్క బద్ద మీది మట్టిమరక గోకుతూ కూర్చున్నాడు.

“అమ్మాయికి నేనేం చెప్పానో తెలుసా?” అన్నాడు సత్యానందం. “ఇది వాడి పని కాదు, వాడికి తెలిసుండదు అని. ఈ నెల్లాళ్ళూ అదే చెప్పాను.”

కృపావరం వెనక్కి తిరగలేదు. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తోంది.

సత్యానందమే మళ్ళీ అడిగాడు. “అచ్చులు ఉన్నాయా, పగలగొట్టేశారా?”

“పోత పోసిన యార్డులోనే ఉన్నాయి.”

“వాటిల్లో తప్పు లేదు. సిమెంటు తగ్గదు కాబట్టి పదమూడు వచ్చింది. అదే అచ్చులో మట్టి నొక్కి కాలిస్తే పన్నెండుకి దిగుతుంది.”

జగన్‌కి ప్రాణం లేచొచ్చింది. “అయితే ఇంకా మూడు వారాలుంది. మీరు ఊఁ అంటే—”

“అనను.” కోపంగా అనలేదు. టిఫిన్ డబ్బాలో ఇంకో ముద్ద ఉందా అంటే లేదన్నట్టు అన్నాడు. “మీ అన్న అందుకే పంపాడని తెలుసు. పదకొండుతో కానిచ్చుకోమను. గోడ బానే ఉంటుంది. ఎవరూ టేపు పట్టుకురారు.” ఆగి అడిగాడు. “ఏది తీసేశారు?”

“పడవ.”

సత్యానందం పుస్తకంలో పడవ ఉన్న కాగితం తీశాడు. తెడ్లవాళ్ళ నడుముల వరస మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. బయట వీధిలో ఎవరో కారు హారన్ కొడుతున్నారు. 

“టోనీ షాపు మూసేస్తున్నాడు. నవంబరులో ఆఖరి బట్టీ. ఇన్నేళ్ళలో ఆ ఊరి పలక ఒక్కటి మట్టిలో చేసుకోలేదు నేను. ఎప్పుడూ ఎవరిదో సింహం మొహమే.” కాగితం మీంచి చెయ్యి తీశాడు. “ఆ పడవ అచ్చు నాకు తెచ్చిపెట్టు. వాళ్ళకెలాగూ అక్కర్లేదు.”

జగన్ అప్పటికే లేచాడు, తాళాలు చేతిలో ఉన్నాయి. “ఇప్పుడే తెస్తాను. ఆదివారం యార్డులో ఎవరూ ఉండరు. వెనక గేటు నాకు తెలుసు.”

“అలా వద్దు.”

జగన్ ఆగాడు.

“అడిగి తీసుకురా. మీ అన్నని అడుగు, అప్పారావుగారిని కూడా అడుగు. ఎవరికని అడుగుతారు. నేలపూడి సత్యానందానికని చెప్పు, ఇంటిపేరుతో సహా. ఆ కమిటీ పదిహేనుమందీ ఉన్నప్పుడు చెప్పు. ఇవ్వం అంటే ఉత్త చేతుల్తో రా, ఏమీ అనుకోను. చెప్పకుండా మాత్రం తేవద్దు.”